తొలి అభిప్రాయం కలగని బండి

కొండ జీవాల సంక్షేమ శాఖ వారి దుంపవలస ఆసుపత్రిలో బొడ్డేటి కూర్మారావు ఇరవై రెండేళ్లుగా వెలగబెడుతున్న ఉద్యోగాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే నడక. రికార్డుల్లో మాత్రం టీకా సహాయకుడని రాసుకున్నారు. కింద ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉన్న మందు పైన ఎగువ మేడిగొందిలో ఉన్న మేక ఒంట్లోకి చేరాలి. మధ్యలో పన్నెండు కిలోమీటర్ల కొండదారి, నీళ్లు పారే రెండు గెడ్డలు, లెక్కలేనన్ని రాళ్లు. శాఖ నిబంధన ప్రకారం మందు పెట్టెకు ఒక కిలో ఐసు ఇస్తారు. ఆ నిబంధన రాసినాయన కొండ ఎక్కినట్టు ఎక్కడా దాఖలా లేదు. మొదటి గెడ్డ దాటేసరికి ఐసు నీళ్లయ్యేది, రెండో గెడ్డ దాటేసరికి ఆ నీళ్లు గోరువెచ్చనయ్యేవి. అలా వేడెక్కిన మందు మేకకు గుచ్చినా ఒకటే, గుమ్మానికి గుచ్చినా ఒకటే.

దాని ఫలితం కిందటేడు కళ్లారా చూశాడు. తొలకరి పడింది, లేతగడ్డి మొలిచింది, ఆ గడ్డి ఆబగా మేసిన మేకలు చిటుకు రోగం తగిలి సాయంత్రం గంతులేసినవి పొద్దున్నకు కాళ్లు చాపేశాయి. ఎగువ మేడిగొందిలో పాంగి చిలకమ్మకు ఇరవై మూడు మేకలుంటే వారంలో పదకొండు పోయాయి. అన్నిటికీ టీకా వేసింది కూర్మారావే. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడు. ఆవిడ తిట్టలేదు సరికదా, ఎండన పడి వచ్చావు బాబూ అంటూ ఎప్పటిలాగే గిన్నెడు అంబలి ఇచ్చింది. ఆ గిన్నె గట్టు మీద అలాగే పెట్టేసి కొండ దిగాడు. అప్పటి నుంచి కూర్మారావుకి ఒకటే కోరిక, ఈ ఏడు వానలకు ముందు మందు చల్లగా పైకి చేరాలి.

అందుకే మే నెల మొదటి వారంలో లారీ మీంచి కొండబండి దిగినప్పుడు అతని కళ్లు చెమర్చాయి. ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చునే సీట్లు, వెనక సామాన్ల తొట్టి, పైన ఇనప గొట్టాల పంజరం, గుట్టనైనా గెడ్డనైనా కరుచుకుని పోయే నాలుగు లావుపాటి టైర్లు. ఊళ్లోవాళ్లు దాన్ని చూసీ చూడగానే పక్కపక్క బండి అన్నారు. శాఖ మాత్రం పార్శ్వాసనద్వయ సర్వభూభాగ సంచార వినియోగ వాహనం అని నామకరణం చేసింది. ఆ పేరు ఒక వైపు పట్టక, వెనక తొట్టి దగ్గర మొదలెట్టి ముందు బానెట్ మీద ముగించారు. మందు పెట్టె ఏ మూల పెట్టి ఏ తాడుతో కట్టాలో కూర్మారావు అప్పటికే నిర్ణయించేసుకున్నాడు. గంటంపావులో ఎగువ మేడిగొంది చేరొచ్చని అతని అంచనా.

తాళం అడగడానికి డాక్టరు భానోజీరావు దగ్గరికి వెళ్లాడు. భానోజీరావు మంచివాడే కానీ సర్క్యులర్ చూడనిదే తుమ్మడు. తాళంతో పాటు వచ్చిన పద్నాలుగు పేజీల సర్క్యులర్ నిదానంగా చదివి, తాళాన్ని సొరుగులో పెట్టి, సొరుగుకి ఇంకో తాళం వేశాడు.

ఆ సర్క్యులర్ వెనక ఒక చరిత్ర ఉంది. కొన్నేళ్ల కిందట శాఖ గడ్డి తరిగే యంత్రాలు కొన్నది. అవి గడ్డి తప్ప మిగతావన్నీ తరిగాయి. విచారణ సంఘం వచ్చి, ఈ యంత్రాన్ని మొట్టమొదట చూసినప్పుడు మీకేమనిపించింది అని అడిగితే ఒక్క అధికారికీ గుర్తులేదు. ఇంతమంది అధికారులకు ఏమీ అనిపించకపోవడం పరిపాలనాలోపమని సంఘం తేల్చింది. ఇక మీదట ఏ యంత్రమైనా సరే, ఒక గెజిటెడ్ అధికారి తొలి అభిప్రాయ నివేదిక రాసి, దానికి ఆమోదం వచ్చాకే వాడుకలోకి రావాలని కమిషనరేట్ ఆజ్ఞాపించింది. మూడో నిబంధన ఇలా ఉంది: "తొలి అభిప్రాయము తొలి దర్శన సమయముననే కలుగవలెను. అదివరకే సదరు వాహనమును దర్శించిన వారికి కలుగునది తొలి అభిప్రాయము కానేరదు." ఏడోది ఇంకా స్పష్టం: "అభిప్రాయము కలుగు పర్యంతము వాహనపు ఇంజను స్టార్టు చేయరాదు."

భానోజీరావు గెజిటెడ్ అధికారే. కానీ లారీ వచ్చినప్పుడు కిటికీలోంచి తొంగిచూసి, బాగుందయ్యా అనేశాడు. కాగితం చేతిలో లేకుండా కలిగిన ఆ అభిప్రాయం గాలిలో కలిసిపోయింది. ఎంత పని చేశాను అని పాపం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మూడో రోజున డివిజన్ నుంచి సహాయ సంచాలకుల వారు నివేదిక రాయడానికి స్వయంగా వచ్చారు. బండి మీద కప్పిన టార్పాలిన్ ఒక మూల గాలికి లేచి ఉంది. ఆయన జీపు గేటు తిరుగుతుండగానే ముందు కుడి చక్రం ఆయన కంటపడింది. ఆయన నిజాయితీపరుడు, చూసిన విషయం దాచలేదు. చూసినది ఒక్క చక్రమే కనుక మిగిలిన మూడు చక్రాల మీద తన అభిప్రాయం చెల్లుతుందా అని పైకి రాశారు. నాలుగు రోజులకి జవాబొచ్చింది. అభిప్రాయము అవిభాజ్యమనీ, చక్రము చూసిన వారు బండి చూసినట్లే భావించబడుదురనీ అందులో ఉంది.

తర్వాత జిల్లా సంయుక్త సంచాలకుల వారి వంతు. బండి చుట్టూ ఆరడుగుల వెదురు తడికలు కట్టించి, గేటు దగ్గర తెర దించి, ఆయన కోసం ఎదురుచూశారు. ఆయన జిల్లా కేంద్రంలో బయలుదేరబోతూ ఫైలు తెరిచారు. మొదటి పేజీలోనే బండి ఫొటో, అదీ రంగుల్లో. ఫైలు మూసేసి, కారు దిగి, సెలవు పెట్టి ఇంటికి వెళ్లిపోయారట. ఆ ఫైలు చేతులు మారిన ప్రతి గుమాస్తా కూడా ఈ రకంగా దృష్టిదోషం తగిలినవాడేనని తేలింది. ఫొటోను లక్క ముద్ర వేసిన కవరులో పెట్టించారు. కవరులో ఏముందో చూసి సంతకం చెయ్యాల్సిన ఇద్దరు కూడా దాంతో పనికిరాకుండా పోయారు.

ఇన్ని కళ్లు వృథా అయ్యాక శాఖ మేలుకుంది. బండిని ఎవరి కంటా పడకుండా కాపాడడానికి తొలిచూపు పరిరక్షకుడు అనే పదవి సృష్టించింది. ఆ పదవికి అర్హత ఒక్కటే, బండిని అదివరకే చూసి, ఇక చెడడానికేమీ మిగలనివాడై ఉండాలి. ఆ విధంగా కూర్మారావు ఎంపికయ్యాడు. పగలంతా తడిక ముందు స్టూలేసుకుని కూర్చోవాలి, పక్కకు కదలకూడదు.

కూర్మారావు భానోజీరావు కాళ్లావేళ్లా పడ్డాడు. బండి అక్కర్లేదు, ఆ ఒక్క కిలో ఐసు ఇప్పించండి, ఎప్పటిలా నడిచే పోతాను అన్నాడు. వానలు పడడానికి మూడు వారాలైనా ముందు మొదటి టీకా పడాలని, మళ్లీ ఇరవై ఒక్క రోజులకి రెండోది పడితేనే మేకకు రోగం ఆగుతుందని డాక్టరుకే పాఠం చెప్పాడు. భానోజీరావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కొండకు వాహనం మంజూరైంది కాబట్టి కాలినడక పద్దు కింద ఇచ్చే ఐసు ఆ తేదీ నుంచే రద్దైందని చెప్పాడు. చెప్పడానికి ఆయనకే సిగ్గేసింది, తల పక్కకు తిప్పుకుని చెప్పాడు.

మే ఇరవయ్యో తేదీ వచ్చేసింది. తూర్పున సాయంత్రాలు మబ్బు పడుతోంది. మబ్బు చూసి ఊరంతా అమ్మయ్య అనుకుంటుంటే కూర్మారావు గుండెల్లో రాయి పడుతోంది. మందు ఫ్రిజ్‌లో, మేకలు కొండ మీద, తను స్టూలు మీద. జన్మలో ఇంత నడవకుండా ఎప్పుడూ లేడు, ఇంత అలిసిపోనూ లేదు.

అప్పుడు రాజధాని నుంచి అభిప్రాయాల విభాగం ప్రత్యేకాధికారి చక్రపాణి గారు దిగారు. ఆయన జాగ్రత్త చూసి కమిషనరేటే చేతులు జోడించిందట. దారిలో పొరపాటున ఏ వాహనం చూసినా పోలిక పుట్టి అభిప్రాయం పాడవుతుందని, తన ఇంటి గుమ్మంలోనే కళ్లకు నల్లగుడ్డ గంతలు కట్టించుకుని కారెక్కారు. ఆసుపత్రి మెట్లు ఎక్కుతూ గోడకు నమస్కారం పెట్టి, భానోజీరావు గారూ బాగున్నారా అన్నారు. భానోజీరావు అవతలి వైపు నుంచి బాగున్నానండి అన్నాడు.

తడిక తీయించనా అని అడిగితే చక్రపాణి గారు వద్దన్నారు.

"డాక్టర్ గారూ, ఇది కొండ వాహనం. మైదానంలో చూసి కొండ వాహనం మీద అభిప్రాయం ఏర్పరచుకోవడం శాస్త్రీయం కాదు. దాని సహజ పరిసరాల్లో, అనగా కొండపైన, నేను దాన్ని తొలిసారి దర్శించవలసి ఉంటుంది."

అయితే బండి పైకి వెళ్లడమెలా అని భానోజీరావు భయపడుతూ అడిగాడు. ఇంజను స్టార్టు చేయరాదు కదా. చక్రపాణి గారు గంతల వెనక చిరునవ్వు నవ్వారు. ఏడో నిబంధన ఇంజనుని నిషేధించింది, ప్రయాణాన్ని నిషేధించలేదు. నడపరాదు, మోయవచ్చు. ఎగువ మేడిగొందిలో మోసే మనుషులున్నారట కదా అన్నారు.

ఉన్న మాట నిజమే. ఆ ఊరికి రోడ్డు లేదు. ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి పురుడొచ్చినా, కర్రకు దుప్పటి కట్టి డోలీలో పడుకోబెట్టి మోసుకుంటూ కిందికి తెస్తారు. వాళ్లను పిలుచుకు రమ్మని కూర్మారావుని పంపారు. మూడు వారాల తర్వాత కొండ ఎక్కుతుంటే అతని కాళ్లు సంతోషించాయి, నోరు మాత్రం ఏం చెప్పాలో దారి పొడుగునా వెతుక్కుంది. చిలకమ్మ ఇంటి ముందు ఊరంతా కూడితే, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అంతా విని చిలకమ్మ అడిగింది.

"మడిసికి జబ్బు సేత్తే డోలీ కట్టి మేం కిందకి మోత్తాం. మరి బండికేటి జబ్బు సేసింది బాబూ, పైకి మొయ్యమంతన్నారు?"

బండికి ఏ జబ్బూ లేదనీ, దాని మీద ఎవరికీ ఇంకా ఏమీ అనిపించలేదనీ కూర్మారావు చెప్పాడు. చెబుతుంటే తనకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఊళ్లో కుర్రాళ్లు మొయ్యం పొమ్మన్నారు. చిలకమ్మ వాళ్లను ఆపి, మందు కూడా దాంతో వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాడు. కిందటేడులా ఉడికిపోయి వస్తుందా అంది. ఏడాది తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తడం అదే మొదలు. కూర్మారావు తల దించుకుని, ఈసారి చల్లగా తెస్తాను అన్నాడు. ఎలా తెస్తాడో అతనికే తెలీదు.

మోసేవాళ్లను వెంటబెట్టుకుని కిందికి దిగేసరికి ఆసుపత్రి ఆవరణలో లారీ ఆగి ఉంది. అందులో రంపపు పొట్టు కప్పిన నాలుగు పెద్ద ఐసు దిమ్మలు. ప్రత్యేకాధికారి వారికి పర్యటనలో సోడాలు, కొబ్బరినీళ్లు చల్లగా ఉండాలని జిల్లా నుంచి పంపారు. అభిప్రాయానికి ముందు బండిలో ఏ వస్తువూ ఎక్కించరాదని నిబంధన ఉన్నా, అధికారి పానీయములు అధికారి శరీరములో అంతర్భాగమని పాత ఉత్తర్వు ఒకటుంది కాబట్టి, ఐసుకి బండిలో చోటు దొరికింది. కూర్మారావు ఆ దిమ్మలను, భానోజీరావుని మార్చి మార్చి చూశాడు. ఇరవై రెండేళ్లలో అంత ఐసు అతను ఒక్కచోట చూడలేదు.

భానోజీరావు ఫ్రిజ్ తాళం బల్ల మీద పెట్టి, కాస్త గాలి పీల్చుకుని వస్తానని బయటికి వెళ్లాడు. సర్క్యులర్ చూడకుండా ఆయన చేసిన పని అదొక్కటే. కూర్మారావు మొదటి విడత మందు సీసాలన్నీ తెచ్చి, సోడాల అడుగున, రెండు దిమ్మల మధ్య, పొట్టులో కప్పెట్టేశాడు.

తెల్లవారగానే ఊరేగింపు కదిలింది. ముందు డోలీలో గంతలతో చక్రపాణి గారు, ఆయన వెనక ముప్ఫై గజాల దూరంలో పొడవాటి దుంగలకు కట్టిన ఏడు క్వింటాళ్ల బండి, దాని కింద నలభై మంది. ఇంకో నలభై మంది వంతు మార్చుకోవడానికి పక్కన నడిచారు. చిలకమ్మ అందరికన్నా ముందుండి దారిలో రాళ్లు చూసి కేకేస్తూ నడిచింది. ఎత్తు వచ్చినప్పుడల్లా మోసేవాళ్లు పాట ఎత్తుకున్నారు. మొదటి గెడ్డ దగ్గర బండి ఒక పక్కకు ఒరిగితే కూర్మారావు ప్రాణం సోడాల అడుక్కి జారింది. పదిమంది మోకాలిలోతు నీళ్లలోకి దిగి భుజాలొడ్డారు, బండి నిలబడింది.

చక్రపాణి గారు దారి పొడుగునా చెవులతో పరిశీలిస్తూనే ఉన్నారు. వాహనం వస్తోందా అని అడిగేవారు. వస్తోంది సార్ అనేవాడు కూర్మారావు. శబ్దమే లేదే అని మెచ్చుకునేవారు. పొగ వాసన కూడా రావడం లేదని ఇంకోసారి మెచ్చుకున్నారు. ఒక సోడా తాగి, చల్లదనం కూడా బ్రహ్మాండంగా నిలుపుతోందే అన్నారు.

మధ్యాహ్నం రెండింటికి ఎగువ మేడిగొంది చేరారు. కూర్మారావు రంపపు పొట్టు తవ్వి సీసా తీసి చెంపకు ఆనించుకున్నాడు. చల్లగా, జిల్లుమని ఉంది. ఇరవై రెండేళ్ల నడకలో అతనికి అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. కానీ గంతలు విప్పగానే అధికారి పని అయిపోతుంది, అందరూ కిందికి పదమంటారు. రెండు వందల నలభై మేకలకు టీకా వెయ్యాలంటే మూడు గంటలు కావాలి.

కూర్మారావు గొంతు సవరించుకున్నాడు.

"సార్, తమరు డోలీలో బాగా కుదుపులకు లోనైయున్నారు. కుదిపిన మనస్సు మీద అభిప్రాయం సరిగా ముద్రపడదు. మూడు గంటలు మనస్సు తేరుకోనిచ్చినచో నివేదికపై ఎవరూ ఆక్షేపణ తెలపజాలరు."

తన నోటి నుంచి ఇలాంటి భాష వచ్చినందుకు కూర్మారావే బిత్తరపోయాడు. చక్రపాణి గారు మాత్రం, ఈ శాఖలో ఇంత సూక్ష్మబుద్ధి ఉన్న మనిషి ఉన్నాడా అని ముచ్చటపడి, చాప మీద పడుకున్నారు. ఆయన గురక మొదలయ్యేసరికి ఊళ్లోవాళ్లు మేకల్ని పట్టుకుని వరస కట్టారు. చిలకమ్మ తన పన్నెండు మేకల్నీ తనే చెవులు పట్టి నిలబెట్టింది. ఒక్క సీసా మిగల్లేదు, ఒక్క మేక మిగల్లేదు.

ఐదున్నరకి గంతలు విప్పారు. రెండు రోజుల చీకటి తర్వాత కళ్లు చికిలించిన చక్రపాణి గారికి, బండి సీటులో కూర్చుని నెమరేస్తున్న మేకపోతు, తొట్టిలో మిగిలిన ఐసును నాకుతున్న ఇంకో నాలుగు మేకలు కనిపించాయి. ఆయన కన్నార్పకుండా అక్కడికక్కడే నివేదిక రాశారు. వాహనము నిశ్శబ్దముగా, పొగ లేకుండా, చుక్క ఇంధనము కోరకుండా పన్నెండు కిలోమీటర్లు ఎక్కినది. ఎత్తు వచ్చినప్పుడు దానియందు శ్రావ్యమైన గానము దానంతటదే వినిపించును. పానీయములను చల్లగా ఉంచును. జీవాలకు దీనిపై అపారమైన మమకారము కలదు.

తొమ్మిదో రోజున ఆమోదం వచ్చింది, దాంతో పాటు ఉత్తర్వు వచ్చింది. వాహనము ఏ విధముగా పనిచేసినట్లు నివేదికలో ఉన్నదో ఇక మీదట ఆ విధముగానే వాడవలెను. ఇంజను ప్రస్తావన నివేదికలో లేనందున ఇంజను వాడరాదు. వాహనమే చల్లదనము నిలుపుతున్నందున టీకాలకు ఏ పద్దు కిందనూ ఐసు ఇవ్వరాదు. వాహనము కొండపైననే ఉంచవలెను.

కూర్మారావు ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. రెండో టీకాకి పన్నెండు రోజులే గడువుంది. అది పడకపోతే మొదటిది వేసినా వెయ్యనట్టే, ఎనభై మంది భుజాలు కమిలిపోయింది వట్టిదే. మర్నాడు కొండెక్కి చిలకమ్మకు సంగతి చెప్పాడు. బండి ఆవిడ పెరట్లోనే ఉంది, సీట్ల కింద కోడి గుడ్లు పొదుగుతోంది. చిలకమ్మ బండిని పైనుంచి కిందిదాకా చూసి పెదవి విరిచింది.

"బండితో మనకి పనినేదు బాబూ. ఐసు బండితో రానేదు, ఆ గంతలాయనతో వచ్చింది. ఆయన్నే మళ్లీ రప్పించు. మడిసొక్కడే గదా, నలుగురం సాలు మొయ్యడానికి."

కూర్మారావు అక్కడే, బండి బానెట్ మీద కాగితం పెట్టుకుని కమిషనరేట్‌కు రాశాడు. సదరు వాహనముపై తొలి అభిప్రాయము అమోఘముగా కలిగినదనీ, అయితే రెండవ అభిప్రాయము ఇంతవరకు ఎవరికీ కలుగకపోవుట రేపు ఏ విచారణ సంఘమైనా ఎత్తిచూపగల లోపమనీ, తొలి అభిప్రాయము కలిగిన అధికారికి తప్ప అన్యులకు రెండవది కలుగుట నిబంధనలరీత్యా అసాధ్యమనీ విన్నవించాడు. భానోజీరావు దాన్ని మూడుసార్లు చదివి, సంతకం పెడుతూ, ఎండలు ముదిరినందున పానీయముల విషయమై తగు శ్రద్ధ వహించగలరు అని కింద ఒక వాక్యం తనే కలిపాడు.

శాఖలో ఏ ఉత్తరానికీ అంత త్వరగా జవాబు రాలేదు. మా దృష్టికి రాని మహాలోపాన్ని ఎత్తిచూపినందుకు అభినందనలు, ప్రత్యేకాధికారి వచ్చే సోమవారం బయలుదేరుచున్నారు, వెంట ఆరు దిమ్మల ఐసు పంపడమైనది. సోమవారమంటే మొదటి టీకా పడిన పంతొమ్మిదో రోజు, ఆయన కొండెక్కడానికి పట్టే రెండు రోజులు కలిపితే సరిగ్గా ఇరవై ఒకటి.

కూర్మారావు ఆ సాయంత్రమే పైకి వెళ్లి చదివి వినిపించాడు. తూర్పున ఉరుముతోంది. చిలకమ్మ మేకల్ని దొడ్లోకి తోలుతూ, గడప దగ్గర ఆగి ఒక సందేహం అడిగింది.

"మరి బాబూ, పెబుత్వానికి మొత్తం ఎన్ని అబిప్రాయాలుంటాయి?"

సర్క్యులర్‌లో గరిష్ట పరిమితి ఎక్కడా రాయలేదని కూర్మారావు చెప్పాడు.

చిలకమ్మ ఆఖరి మేకను లోపలికి నెట్టి తడిక వేసింది.

"అయితే మన మేకలు బతికిపోనాయి," అంది.